పాత సినిమా చూసి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. దర్శకులు వేరు, కాలాలు వేరు, సినిమాలు వేరు. కానీ పేర్లు చెరిపేసి కలిపేస్తే ఏది దేని గురించో నువ్వే చెప్పలేవు. మూడింటిలోనూ ‘ఆణిముత్యం’ ఉంది, ‘పాత్రలో జీవించారు’ ఉంది, ‘ఈ రోజుల్లో ఇలాంటివి ఎక్కడ’ అన్న నిట్టూర్పూ ఉంది. సినిమా చూడనివాడు కూడా ఈ మాటలు రాసేయగలడు. చూసినవాడు మాత్రమే రాయగల వాక్యం ఉందా అని వెతికితే మూడో వ్యాసంలో ఒకటి దొరికింది. తలుపు దగ్గర నిలబడ్డ తల్లి చేతిలో పళ్ళెం వణికిందన్నావు. అక్కడ ఆగాల్సింది. నువ్వేమో దాన్ని అర వాక్యంలో దాటేసి మళ్ళీ కథలో పడ్డావు.

రాయడం సంగతి తర్వాత. ముందు నువ్వు చూసింది ఏ ప్రతి అన్నది తేల్చుకో. పాత సినిమాల విషయంలో సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. 1950ల తొలినాళ్ళ దాకా వచ్చిన సినిమాల్లో ఎక్కువ భాగం 1.37:1 కొలతలో (వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి అది) తీసినవే, అంటే దాదాపు చదరానికి దగ్గరగా ఉండే బొమ్మ. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం అదే నడిచింది. ఇప్పటి టీవీ తెర 1.78:1. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు కనబడితే సంతోషించు, బొమ్మ పూర్తిగా ఉందన్నమాట. తెర నిండా ఉందంటే రెండు అనుమానాలు. మనుషులు పొట్టిగా, లావుగా కనబడితే సాగదీశారు. మామూలుగానే ఉండి, నెత్తిమీద కిరీటాలు, నాట్యంలో పాదాలు తెగిపోతుంటే కింద మీద కోసేశారు. ఆ కోతలో పోయేది ఎత్తులో దాదాపు 23 శాతం. అలాంటి ప్రతి చూసి ‘ఛాయాగ్రాహకుడికి ఫ్రేమింగ్ మీద పట్టు లేదు’ అని రాస్తే, తప్పు చేసింది ఒకరు, తిట్లు తినేది ఇంకొకరు.

నిడివి కూడా సరిచూసుకో. సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో, తీసిన సినిమాను కొన్ని వీడియో పద్ధతుల్లో 25 మీద నడిపిస్తారు. 184 నిమిషాల సినిమా 177 నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క షాటూ పోకుండానే. శ్రుతి సరిదిద్దకపోతే గొంతులు అరస్వరానికి కొంచెం తక్కువగా పైకి లేస్తాయి. గాయని గొంతు సన్నగా ఉందని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకో. మూకీల్లో మనుషులు గబగబా కీలుబొమ్మల్లా నడవడానికీ చాలాసార్లు ఇదే కారణం: 16, 18 ఫ్రేముల వేగంతో తీసినదాన్ని 24 మీద ఆడించడం.

ఇక గెంతులు. మాట మధ్యలో తెగడం, కుర్చీలో ఉన్నవాడు ఉన్నట్టుండి గుమ్మం దగ్గర తేలడం. దీన్ని చూసి ‘ఎడిటింగ్‌లో సాహసం’ అన్నావు మొదటి వ్యాసంలో. నాకైతే నవ్వొచ్చింది. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు అంటే సుమారు 11 నిమిషాలు. రీలు మొదలూ చివరా ప్రొజెక్టరుకు ఎక్కిస్తూ దించుతూ ఉండగా అరిగి, తెగి, అతుకులు పడతాయి. అతుకు వేసిన ప్రతిసారీ కొన్ని ఫ్రేములు పోతాయి. గెంతు కనబడగానే గడియారం చూడు, రీలు మారే సమయమేమో తెలుస్తుంది. కుడివైపు పై మూల రెప్పపాటు గుండ్రటి చుక్క మెరిసిందేమో చూడు. రీలు మార్చమని ఆపరేటరుకు పెట్టిన గుర్తు అది. అక్కడికి దగ్గర్లో గెంతు ఉంటే అది కత్తెర పనితనం కాదు, అరుగుదల. బాగుచేసిన డిజిటల్ ప్రతుల్లో ఆ చుక్కను తుడిచేస్తుంటారు కాబట్టి, వీలైతే రెండో ప్రతి తెచ్చుకుని అదే చోటు పోల్చు.

రంగులద్దిన ప్రతి మీద ఛాయాగ్రహణం గురించి ఒక్క వాక్యం కూడా రాయొద్దు. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది, 2010లో రంగులద్ది, నిడివి తగ్గించి విడుదల చేశారు. దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెలను కట్టింది బూడిద రంగు ఛాయలతో. ఏ ఛాయ ఎక్కడ ఆగాలో ఆయన లెక్క ఆయనది. దానిమీద నీలం పూశాక నువ్వు మెచ్చుకునేది ఎవరి పనినో నీకే తెలియదు.

చూడటం రెండుసార్లు. మొదటిసారి కలం ముట్టుకోవద్దు. రాసుకుంటూ చూస్తే తల దించినప్పుడల్లా ఒక షాటు పోతుంది. అయిపోయాక ఆ రాత్రే, ఇంకొకరి సమీక్ష ఏదీ చదవకముందే, గుర్తున్న దృశ్యాలు పది రాసిపెట్టు. వరుస అక్కర్లేదు. రెండోసారి ఒకట్రెండు రోజుల తర్వాత, నిమిషాలు నోట్ చేసుకుంటూ, ఆ పదింటినీ సరిచూడు. మూడో నాలుగో నువ్వు అనుకున్నట్టు ఉండవు. మాట నాయిక అనలేదు, స్నేహితురాలు అంది. వాన పడలేదు, వాన చప్పుడు మాత్రమే వినిపించింది. అలా తేడా వచ్చిన చోటును వదలకు. లేనిదాన్ని చూసినట్టు నీకు ఎలా అనిపించిందో ఆరా తీస్తే వ్యాసానికి కావలసిన సరుకంతా అక్కడే దొరుకుతుంది.

దగ్గరగా చూడటమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. ‘మాయాబజార్’లోనే ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాట తీసుకో. ‘వెన్నెల, పడవ, ఘంటసాల, లీల, మధురం’ అని అందరూ రాశారు. నువ్వు పడవలో ఎవరున్నారో లెక్కపెట్టు. ముందు అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. ఆపైన బలరాముడు, రేవతి. మూడు జంటలు, మూడు వయసులు. పాడే గొంతులు మాత్రం ఆ రెండే. గొంతు మారనప్పుడు వయసు తేడా ఎక్కడ కనబడాలి? కూర్చున్న తీరులో, ఇద్దరి మధ్య ఉంచిన దూరంలో, ఎవరు ఎవరి వైపు ఎంతసేపు చూస్తారన్న దాంట్లో. బలరాముడు వేసిన గుమ్మడి ముఖంలో తృప్తి వేరు, అభిమన్యుడు వేసిన నాగేశ్వరరావు ముఖంలో తొందర వేరు. పాట ఆపి, మళ్ళీ వేసి, ఈ మూడు జంటల చేతులు ఎక్కడున్నాయో మాత్రమే చూసి ఒక పేరా రాయి. ‘అద్భుత నటన’ అనే మాట అవసరమే రాదు.

అదే సినిమాలో పాండవులు తెరమీదికే రారు. మహాభారతంలోని మనుషులతో నడిచే కథలో వాళ్ళు లేకపోవడం చాలామందికి తోచదు. లేనిదాన్ని గమనించడం కూడా చూడటమే.

కథ చెప్పడానికి ఐదు వాక్యాలు చాలు. అరవై ఏళ్ళ కిందటి సినిమా ముగింపు దాచాలా వద్దా అని మథనపడకు. ముగింపు గురించి చెప్పాల్సింది ఉంటే చెప్పు, లేకపోతే వదిలెయ్.

వివరాల దగ్గర మాత్రం పిసినారిగా ఉండు. అక్కడక్కడా తిరిగే చిత్రీకరణ ముచ్చట్లు, ‘ఆ సీను కోసం మూడు రోజులు నిద్రపోలేదట’ లాంటివి, చివర ‘ట’ ఉన్నంతకాలం వ్యాసంలోకి రానివ్వకు. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు రాశారు. పరిశోధించి చూస్తే 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోతే జరిగేది ఇదే. తారాగణం సినిమా టైటిల్స్ నుంచే రాసుకో. మన పాత సినిమాలు చాలావాటిని తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీశారు కాబట్టి జాబితాలు కలగాపులగమవుతాయి. 1955 ‘మిస్సమ్మ’లో రామారావు చేసిన వేషం తమిళంలో జెమినీ గణేశన్‌ది. టైటిల్స్ కూడా మొత్తం చెప్పవు సుమా. ‘మాయాబజార్’ సంగీతం ఘంటసాల పేరున ఉంటుంది, కానీ కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి వెళ్ళినవి.

పాత సినిమాలో ఇవాళ మింగుడుపడనివి ఉంటాయి. భార్యను కొట్టే హీరో, రంగు మీద, కులం మీద జోకు. ‘అప్పటి కాలం అలాంటిది’ అని తుడిచేయకు, అదొక్కటే పట్టుకుని సినిమాను పాతరేయనూ వద్దు. ఆ దృశ్యంలో కెమెరా ఎవరి పక్కన నిలబడిందో చూసి చెప్పు. చెంపదెబ్బ తర్వాత షాటు ఆమె ముఖం మీద ఆగిందా, నేపథ్యంలో వేళాకోళం సంగీతం వచ్చిందా? రెండూ ఒకటి కావు.

మూడో వ్యాసం తిరగరాసి పంపు. మొదటి రెండు పేరాలూ కొట్టెయ్, పళ్ళెం దగ్గర మొదలుపెట్టు. ఎన్నో నిమిషంలో వస్తుందో, అంతకుముందు షాటులో ఎవరున్నారో, పళ్ళెం చప్పుడు వినిపించిందో లేదో రాయి. 600 పదాలు దాటొద్దు. చూసిన ప్రతి ఏదో, దాని నిడివి ఎంతో అడుగున ఒక వాక్యంలో చెప్పు.