ఏలియన్ వచ్చాడా, వచ్చిందా?

సందేహం: గురుడి ఉపగ్రహం యూరోపాలో, మంచు కింది సముద్రంలో బతికే ప్రాణి మనవాళ్ల నౌక దగ్గరికి వచ్చినట్టు నవల రాస్తున్నాను. ఒక పేజీ పంపుతున్నాను. 'గ్రహాంతరవాసి వచ్చింది' అని రాస్తే, బడిలో తమిళం చదివే మా అమ్మాయి 'అది ఆడదా నాన్నా?' అంది. 'వచ్చాడు' అంటే మగవాడైపోతాడు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

సమాధానం: మీ అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. తమిళంలో వందాన్, వందాళ్, వందదు అని మూడున్నాయి. మనకు ఏకవచనంలో రెండే. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సూ వచ్చింది. చెన్నైలోనే ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన చిన్నయసూరి, స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు కానివాటిని మహత్తులన్నాడు, అంటే 'వచ్చాడు' అనిపించుకునేవి. యూరోపా వాళ్ల సంగతి ఆయనకు తట్టలేదు పాపం.

బహువచనంలో లెక్క మారుతుంది. అమ్మాయిలు వచ్చారు, ఆవులు వచ్చాయి. రామాయణం చెప్పే తాతయ్య 'వానరులు వారధి కట్టారు' అంటాడు. డాబా మీద ఎండబెట్టిన వడియాలు మాయమైతే అదే తాతయ్య 'కోతులు ఎత్తుకుపోయాయి' అంటాడు. మాటలు వచ్చు కాబట్టి వానరులకు ఆ మర్యాద అందామా? పంచతంత్రంలో నక్క ఎంత నీతి చెప్పినా 'అంది' దగ్గరే ఆగిపోయింది. కిటుకు పేరులో ఉంది. వానరుడు అన్నాక 'వచ్చాడు' తప్పదు.

మీ చిక్కూ అక్కడే. 'వాసి' మనుషులకు వాడే మాట. నగరవాసి వచ్చాడు, ఆశ్రమవాసులు వచ్చారు. ఒట్టి 'జీవి' అయితే వచ్చింది, జీవులైతే వచ్చాయి. అందుకని మొదట్లో 'గ్రహాంతర జీవి వచ్చింది' అనండి, తర్వాత 'అది', 'దాని' అని నడపండి. 'ఆమె' అననంత వరకు ఎవరూ ఆడదనుకోరు. 'గ్రహాంతరవాసి వచ్చారు' అని మాత్రం వద్దు, మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి దిగినట్టుంటుంది! అన్నట్టు, యూరోపా గ్రహం కాదు కదా అని మథనపడకండి, వాడుకలో చెల్లిపోతుంది.

ఇక గుంపుగా వచ్చినప్పుడు మన భాష మీకో సదుపాయం ఇస్తోంది, వదులుకోకండి. మొదటిసారి 'జీవులు వచ్చాయి' అని రాయండి. మీ కెప్టెన్‌కు వాటితో మాట కలిసిన రోజున, ఏ వివరణా లేకుండా 'గ్రహాంతరవాసులు వచ్చారు' అనండి. తెలుగు పాఠకుడికి అది చాలు. ఆడా మగా అన్న పేచీ కూడా ఉండదు.

మీరు పంపిన పేజీలో 'కిటికీలోంచి గురుడు కనిపించింది' అని ఉంది. గురుడు కనిపించాడు, లేదా గురుగ్రహం కనిపించింది. రెండిట్లో ఒకటి ఉంచండి.