పాత తేదీ వేయనన్న అమ్మాయికి ఉద్యోగం నిలుస్తుందా?

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు: "అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ అయింది. క్లినికల్ రీసెర్చ్ (కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే పని) డిప్లొమా చేయించాలా, బీఈడీయా? ఇంటర్న్‌షిప్‌లో పాత టైము వేసి రీడింగ్ రాయమంటే రాయనందట. సర్దుకుపొమ్మన్నాం. ఇలాంటి పిల్లకు ఉద్యోగం నిలుస్తుందా?"

అయ్యా, మీ అసలు బెంగ చివరి ప్రశ్నే. నిలుస్తుంది. సర్దుకుపొమ్మనడమే మీ తప్పు. రేపు దొరికితే రిజిస్టర్లో ఉండే సంతకం మీదీ కాదు, రాయమన్న సూపర్‌వైజరుదీ కాదు. ఉదాహరణకు, ఉదయం 9కి తూచాల్సింది మధ్యాహ్నం 2కి తూచి 9 అని రాస్తే, తూకం మిషన్ చీటీ మీద 2 అనే పడుతుంది. తనిఖీవాళ్లు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

అయితే రాయనని ఊరుకుంటే చాలదు. ఇప్పటి తేదీ, టైము వేసి, ఆలస్యానికి కారణం రాసి సంతకం చేయాలి. క్వాలిటీ వాళ్లకు చెప్పి డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నమోదు) ఎక్కించాలి. అంకె తప్పుపడితే వైట్‌నర్ పూయకూడదు: పాతది కనబడేలా ఒకే గీత, పక్కన పొట్టి సంతకం, తేదీ. సూపర్‌వైజరు అడ్డుపడితే క్వాలిటీ హెడ్‌కు రెండు ముక్కల మెయిల్. రిజిస్టర్ ఫొటోలు మాత్రం ఫోన్లో ఇంటికి తేవొద్దనండి, తప్పు తన మీదికే తిరుగుతుంది.

బీఈడీ అయితే ఈ గొడవే ఉండదనుకుంటున్నారేమో. బడుల్లో, హాస్టళ్లలోనూ ఉంటుంది. 2009లో ఖమ్మం ఏజెన్సీలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం మొదలై 2010లో ఆగింది. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ కమిటీ తేల్చింది. అంతెందుకు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో మధ్యాహ్న భోజనం 40 మంది తింటే 52 అని రాయమన్నారనుకోండి. తలకు 150 గ్రాముల లెక్కన 1.8 కిలోల బియ్యం ఆ రోజు కాగితం మీదే ఉడికినట్టు. పిల్లలతో పని ఆమెకు ఇష్టమైతేనే బీఈడీ.

ఇక డిప్లొమా. "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న పోస్టరు చూసి లక్షలు కట్టకండి. పోయిన బ్యాచ్ ఆఫర్ లెటర్లు చూపించమనండి, ఏ పనికి ఎంత జీతమో చదవండి. చాలావరకు డేటా ఎంట్రీయే అయితే లేచి వచ్చేయండి. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (మనుషుల మీద మందుల పరీక్షలు నడిపే నియమాలు) ప్రాథమిక శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చేయనివ్వండి. ఆ పని నచ్చిందో లేదో తనకే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టనిది ఒకటుంది, అమ్మాయికి తెలుగు, ఒడియా రెండూ వచ్చు. ట్రయల్‌లో, అంటే మందు పరీక్షలో, చేరే రోగికి అంగీకార పత్రం తనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రాకపోతే నిష్పక్షపాత సాక్షి పక్కనుండగా చదివి వినిపించాలి. బరంపురంలోనైనా విశాఖలోనైనా, ట్రయల్ కోఆర్డినేటర్ పనికి దరఖాస్తు చేస్తే ఆ రెండు భాషల పేర్లూ మొదటి వరుసలోనే రాయమనండి.