ఫులానీలు నిజంగా ప్రమాదకరమైన మనుషులా? వాళ్ల జీవితం ఎలా ఉంటుంది?

పశ్చిమ ఆఫ్రికాలో పశువుల మందలతో తిరిగే జాతిగా పేరున్న ఫులానీల గురించి వార్తల్లో ఎప్పుడు చూసినా గొడవలే కనిపిస్తున్నాయి, దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి అని అడిగారు. నేను 2017 నుంచి మూడేళ్లు నైజీరియాలోని ఆడమావా రాష్ట్రంలో, యోలా ఊళ్లో ఉన్నాను. సోలార్ పంపులతో బోర్లు వేసే కాంట్రాక్టులో సైట్ ఇంజనీర్‌ని. ముందే చెప్పేస్తున్నా, వాళ్లతో నా మొదటి పరిచయం కూడా గొడవతోనే.

యోలాకి గంటన్నర దూరంలో ఒక పల్లెలో బోరు వేశాం. ట్యాంకు, నాలుగు కుళాయిలు, చుట్టూ సిమెంటు గచ్చు. అది ఫిబ్రవరి, కుంటలన్నీ ఎండిపోయే కాలం. నీళ్లు వదిలిన మూడో రోజు పొద్దున వెళ్తే గచ్చు పగిలి ఉంది, రెండు కుళాయిలు విరిగాయి, ఎక్కడ చూసినా బురదలో గిట్టల గుర్తులు. రాత్రి ఫులానీల మంద వచ్చిందట. ఊరి కుర్రాళ్లు అప్పటికే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వారంలో ఫోటోలు పంపితే గానీ బిల్లు రాదు, నాకు ఆ టెన్షన్.

కాసేపటికి ఒక ముసలాయన వచ్చాడు, ఒక్కడే. తోలు కుట్టిన గడ్డి టోపీ, భుజాల మీద అడ్డంగా కర్ర, దాని మీద వేలాడేసిన రెండు చేతులు. వచ్చి కూర్చుని పలకరింపులు మొదలుపెట్టాడు. 'జమ్ బండు నా?' అంటే ఒంట్లో బాగేనా అని. ఆ తర్వాత ఇల్లు, పిల్లలు, పని, ఎండ. పదిహేను నిమిషాలు ఇదే. నాకు ఒళ్లు మండిపోతోంది. మా పంపు ఆపరేటర్ మాత్రం ఓపికగా ప్రతిదానికీ జవాబిస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక పెద్దాయన అన్నాడు: 'విరగ్గొట్టింది మా గొడ్లే. ఖర్చెంతో చెప్పండి.' కాస్త ఆగి ఒక ప్రశ్న వేశాడు. 'మనుషులు తాగడానికి కట్టారు. గొడ్లు ఎక్కడ తాగాలి?'

డ్రాయింగ్ తీసి చూశాను. పశువుల తొట్టి లేదు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీసినవాళ్లకి తట్టలేదు సరే, నాకెందుకు తట్టలేదు? మాది పాలమూరు. మా తాత ఎండాకాలం గొర్లను తోలుకుని నల్లమల వైపు పోయేవాడు. తలెత్తుకోలేకపోయాను. మిగిలిన సిమెంటుతో కుళాయిలకు దూరంగా ఒక పొడుగాటి తొట్టి కట్టాం. రాళ్లన్నీ ఆయన పిల్లలే మోశారు. ఆయన ఆ గుంపుకి పెద్ద, వాళ్ల మాటలో 'అర్దో'.

ఆ రోజు మేం ఇచ్చిన బిస్కెట్లు ఆయన ముట్టలేదు. పొగరనుకున్నాను. అది 'పులాకు' అన్నాడు ఆపరేటర్. ఫులానీగా పుట్టినవాడు నడుచుకోవాల్సిన తీరు అన్నమాట. అందులో 'ముణ్యల్' అంటే ఓర్పు, 'సెంతెందె' అంటే సిగ్గూ మర్యాదా. ఆకలి, నొప్పి, కోపం పరాయివాళ్ల ముందు బయటపెట్టకూడదు. ఇంకో పొరపాటు కూడా చేశాను, మీకెన్ని ఆవులున్నాయని అడిగాను. ఆయన నవ్వి మేఘాల వైపు చూశాడు. జీతమెంత అని అడిగినట్టే అది. పైగా బ్రిటిష్ కాలంలో ఆవుకింత అని 'జంగలి' పన్ను వసూలు చేసేవారు, లెక్క చెప్పడమంటే కష్టం కొనితెచ్చుకోవడమే.

'సంచార జాతి' అనగానే గాలికి తిరిగేవాళ్లని అనుకుంటాం. అక్కడ ఏ నెలలో ఏ దారి అనేది పక్కా లెక్క. వానాకాలం దక్షిణాన గడ్డి దండిగా ఉంటుంది, కానీ ట్సెట్సీ ఈగ కూడా ఉంటుంది. అది కుడితే ఆవు రోజురోజుకీ చిక్కి చచ్చిపోతుంది. అందుకే వానల్లో ఉత్తరాన పొడి నేలలకు పోతారు. వానలు ఆగి కుంటలు ఎండాక బెనూయే లాంటి నదుల ఒడ్డుకి దిగుతారు. మాలీలో అయితే నైజర్ నదిని మందలతో ఈది దాటడం పెద్ద పండుగ, యునెస్కో కూడా గుర్తించింది. ఇక ముఖానికి రంగులు పూసుకుని అందాల పోటీకి నిలబడే మగవాళ్ల ఫోటోలు మీరు చూసే ఉంటారు. వాళ్లు నైజర్ దేశం వైపు ఎక్కువగా ఉండే వొడాబే శాఖ. నేను చూడలేదు.

ఆవుల గురించి ఒక్కమాట. 'వైట్ ఫులానీ' జాతిని మొదటిసారి చూసినప్పుడు మన ఒంగోలు జాతికి పొడుగు కొమ్ములు తగిలించినట్టు అనిపించింది. మూపురం ఉన్న పశువుల పుట్టిల్లు సింధూ లోయ ప్రాంతమే కదా, ఎంత దూరం నడిచి వచ్చాయో.

పాల వ్యవహారం ఆడవాళ్లది. తోడుపెట్టడం నుంచి అమ్మడం దాకా వాళ్లే చూసుకుంటారు, ఆ డబ్బూ వాళ్లదే. పొద్దున్నే నెత్తి మీద సొరకాయ బుర్రలతో సంతకు వస్తారు. పుల్లటి పాలు 'నోనో', సజ్జపిండి ముద్దలు 'ఫురా'. రెండూ కలిపి చిలికి ఇస్తే అదే నా మధ్యాహ్నం భోజనం. మన అంబలి అలవాటున్నవాళ్లకి వెంటనే నచ్చుతుంది. ఇలోరిన్ వైపు వెళ్లినప్పుడు జున్నులాంటి 'వరా' తిన్నాను. పాలు విరగడానికి ఏం వేస్తారని అడిగితే ఒక ఆకు చూపించారు. జిల్లేడు! మనం ముట్టుకుంటేనే చేతులు కడుక్కుంటాం.

ఫులానీలంటే పశువుల కాపర్లే అనుకోవద్దు. సెనెగల్ నుంచి కామెరూన్ దాటి సూడాన్ దాకా కోట్ల మంది ఉన్నారు, ఎక్కువమంది ఊళ్లలో స్థిరపడినవాళ్లే. 1804లో ఉస్మాన్ దన్ ఫోడియో అనే ఫులానీ మతగురువు మొదలుపెట్టిన జిహాద్‌తో ఉత్తర నైజీరియా కేంద్రంగా సొకోటో రాజ్యం ఏర్పడింది. 1903లో బ్రిటిష్ వాళ్లు గెలిచేదాకా సాగింది. యోలా కూడా ఆ రాజ్యంలోని ఒక ఎమిరేట్ (సామంత సంస్థానం) రాజధానే, అక్కడి సంప్రదాయ పాలకుడు 'లామిడో' ఇప్పటికీ ఉన్నాడు. నేనున్నప్పుడు దేశాధ్యక్షుడు బుహారీ కూడా ఫులానీయే. అందువల్ల కాపర్ల గొడవ జరిగితే చాలు, దానికి రాజకీయం అంటుకునేది.

ఇక ప్రమాదం సంగతి. నేను చేరిన ఏడాది చివర్లోనే నుమాన్ వైపు ఫులానీలకూ బచామా తెగ రైతులకూ మధ్య ఘోరమైన దాడులు జరిగాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. నుమాన్ మాకు పెద్ద దూరమేం కాదు, వారాలపాటు ఆ రోడ్డులో వెళ్లలేదు. తుపాకులతో దోచుకునే ఫులానీ ముఠాలు ఉన్నాయి, లేవని నేననను. అవే ముఠాలు ఫులానీల ఆవుల్నీ ఎత్తుకుపోతాయి. మామూలు గొడవల వెనక ఉన్నది మాత్రం నేల. 'బుర్తలి' అని పిలిచే పశువుల దారులు చాలాచోట్ల పొలాల్లో కలిసిపోయాయి. మంద పొలంలో పడితే రైతుకి ఏడాది తిండి పోతుంది, ఆ కోపం న్యాయమైనదే. బెనూయే రాష్ట్రం 2017లో బహిరంగ మేతనే నిషేధించింది. మరి ఆ మందలు ఎటు పోవాలి? పక్క రాష్ట్రాల మీద పడ్డాయి.

మా పల్లెలో మాత్రం కోతలయ్యాక రైతులే కబురు పెట్టి పిలిచేవాళ్లు. జొన్న చొప్ప మందకి, పేడ పొలానికి. మా తాత మందకి కూడా ఇలాగే పిలుపు వచ్చేది, రాత్రి పొలంలో మంద పెట్టించుకుని ధాన్యం ఇచ్చేవాళ్లు.

మే నెలలో మొదటి వాన పడ్డాక పంపు సర్వీసింగ్‌కి వెళ్లాను. తొట్టి నిండా నీళ్లున్నాయి, మంద లేదు. గుడిసెలున్న చోట బూడిద, నాలుగు గుంజలు. అర్దో నాకోసం చిన్న బుర్రలో వెన్న ఇచ్చి వెళ్లాడని ఆపరేటర్ చెప్పాడు. బుర్ర ఖాళీగా ఉంది. ఫ్రిజ్ లేదు కదా సార్, పాడైపోతుందని మేమే తినేశాం అన్నాడు.