మెదడు కుడి, ఎడమ వైపుల తరంగాల పొందిక దేన్ని బట్టి మారుతుంది?

ముఖ్యంగా రెండు వైపులనూ కలిపే నరాల వంతెన, నిద్ర, మెలకువ, వయసు, ఆ సమయంలో మనం చేస్తున్న పనిని బట్టి మారుతుంది. తలపై ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో దీన్ని కొహెరెన్స్ అంటారు. 0 నుంచి 1 దాకా లెక్క. ఆ వంతెన పేరు కార్పస్ కెలోజమ్, అందులో దాదాపు 20 కోట్ల నరాల పోగులుంటాయి. పుట్టుకతోనే అది లేనివాళ్లలో, ముఖ్యంగా నిద్రలో, ఈ పొందిక తగ్గి కనిపిస్తుంది.

తిరుమల మాడవీధుల్లో వాహనసేవ ముందు ఇద్దరు డోలు వాయిస్తున్నారనుకోండి. రెండో ఆయన దెబ్బ ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా పడినా, ఆ తేడా మారకుండా ఉంటే పొందిక ఎక్కువే. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడితే పొందిక పోయినట్టే. మెదడు తరంగాలదీ ఇదే లెక్క: ఒకేసారి పడాలని లేదు, తేడా నిలకడగా ఉండాలి.

పొందిక ఎంత ఎక్కువుంటే అంత తెలివి అనుకోవడం పొరపాటు. మూర్ఛ వచ్చినప్పుడూ అది బాగా పెరగవచ్చు. తలపై రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (మిగతా ఎలక్ట్రోడ్లను దేనితో పోల్చి కొలుస్తారో అది) చోటు మార్చినా అంకె మారిపోతుంది.