కథ విని, వేరొకరి పేరుతో సినిమా మొదలుపెట్టారు, ఏం చేయాలి? (సమాధానం)

కో-డైరెక్టర్‌కి కథ వినిపిస్తే ఆర్నెల్లకు అదే వేరే రచయిత పేరుతో మొదలైందన్నారు. మీకు లోటు రిజిస్ట్రేషన్ కాదు, వినిపించిన రుజువు. రచయితల సంఘంలో నమోదు చేస్తే ఆ తేదీకి కథ మీ దగ్గరుందని తేలుతుంది. అవతలివాళ్ల చేతికి వెళ్లిందని తేలదు. అందరూ వదిలేసేది ఈ వినిపించిన రుజువునే.

1. ఆనాటి వాట్సాప్ మెసేజ్‌లు, మెయిళ్లు, కాల్ లిస్టు ఇప్పుడే బ్యాకప్ తీయండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకుని పాత ఫోన్ అమ్మేయకండి.

2. “నా కథ మీకు వినిపించాను కదా” అని మర్యాదగా మెయిల్ పెట్టండి. జవాబు ఏదొచ్చినా దాచండి.

3. పోలికలు సీన్ల వారీగా రాయండి. ఐడియాకు కాపీరైట్ లేదని 1978లోనే ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సీన్ల క్రమం, మలుపులు, డైలాగులు కలిస్తేనే మీ వాదనకు బలం.

4. వీటితో సంఘంలో ఫిర్యాదు, లాయర్ నోటీసు రెండూ ఇవ్వండి. రిలీజ్ ముందురోజు దాకా ఆగితే స్టే దొరకడం కష్టం. ఈలోగా ఫేస్‌బుక్‌లో పేర్లు పెట్టి తిట్టకండి, పరువునష్టం కేసు మీ మీదకే రావచ్చు.

ఇకమీదట కథ చెప్పిన సాయంత్రమే సినాప్సిస్ (కథ సారాంశం) పీడీఎఫ్ వాళ్లకు మెయిల్ చేయండి.