పాల రైతులకు సంఘం మేలా, కంపెనీ మేలా?

ఊళ్ళో నలభై మంది పాల రైతులు కలిసి సొంతంగా పాల కేంద్రం పెట్టుకోవాలంటే సహకార సంఘం మంచిదా, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ మంచిదా అని అడిగారు. మా ఊరి పాల సంఘం పాలకవర్గంలో ఆరేళ్ళు పనిచేశాను. నా మాట వింటే సంఘమే పెట్టుకోండి.

కంపెనీలో వాటాలు ఎక్కువ ఉన్నవారి మాటే చెల్లుతుంది, లాభమూ వాటాలను బట్టే. సంఘంలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. మిగులు వస్తే ఏడాదిలో ఎవరు ఎన్ని పాలు పోశారో చూసి ఆ లెక్కన బోనస్ పంచుకోవచ్చు.

ఆ ఒక్క ఓటు విలువ నేను కళ్ళారా చూశాను. ఒక ఏడాది మహాజన సభలో జమాఖర్చులు చదువుతుంటే, ఒకే గేదె ఉన్న పెద్దావిడ లేచింది. "మా దగ్గర కొలిచి తీసుకున్న పాలకూ డెయిరీకి పంపిన పాలకూ ఇంత తేడా ఎందుకు వచ్చింది?" అని అడిగింది. పాలకవర్గంలో ఉన్న మాకెవరికీ ఆ అంకె కంటికి ఆనలేదు. పుస్తకాలు తిరగేస్తే, ఊళ్ళో కొన్ని ఇళ్ళకు అరువుగా పోసిన పాలు లెక్కలోకే ఎక్కలేదని తేలింది. ఆ నెలలోనే బాకీలు వసూలు చేసి జమ కట్టించాం. అప్పటి నుంచి ఊళ్ళో అమ్మిన పాల లెక్క రోజూ కేంద్రం గోడమీద పలకపై రాస్తున్నారు. పది గేదెల ఆసామి అడిగినా ఆమె అడిగినా మేం జవాబు చెప్పి తీరాలి. నాకు సంఘం మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

ఏ చట్టం కింద నమోదు చేసుకుంటారన్నది చాలా ముఖ్యం. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద పాలకవర్గాన్ని తప్పించి అధికారిని కూర్చోబెట్టే వీలుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు. ఎన్నికలు, ఆడిటరు నియామకం సభ్యులే చూసుకుంటారు. వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే చాలు. వీలైతే తెలంగాణలోని ముల్కనూరు వెళ్ళి మహిళలే నడుపుకుంటున్న డెయిరీని చూసి రండి.

రైతులే సభ్యులుగా కంపెనీ చట్టం కింద పెట్టుకునే ఉత్పత్తిదారుల కంపెనీ అని ఇంకో రకం ఉంది, అందులోనూ మనిషికి ఒకే ఓటు. కానీ ఏటా కంపెనీ చట్టం ప్రకారం దాఖలు చేయాల్సిన పత్రాల ఖర్చు నలభై మందికి బరువే.

నియమావళిలో ఒక మాట తప్పకుండా రాసుకోండి: ఏడాదిలో కనీసం ఇన్ని రోజులు పాలు పోసినవారికే ఓటు. లేకపోతే గేదెలు అమ్మేసినవారు కూడా పాల ధర తేలుస్తారు.

సంఘానికి బయటి పెట్టుబడి దొరకడం కష్టం. మొదటి రోజు నుంచే లీటరుకు కొంత చొప్పున నిధికి పట్టుకోండి. మేం ఆ పని మూడేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాం. శీతలీకరణ యంత్రం కొనేలోపు మూడు వేసవుల్లో విరిగిపోయిన పాల నష్టమంతా సభ్యులే భరించారు.