నాన్న తోటవైపు వెళ్లడం లేదు

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి మండలం. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వీచిందట. ఇంటి రేకులు ఎగిరిపోయాయి. కొబ్బరితోట సగానికి పైగా కూలింది, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అవన్నీ తాతయ్య నాటినవి. నా ఫీజు, ఇంటి ఖర్చు, నానమ్మ మందులు అన్నీ వాటిమీదే. అప్పటినుంచీ నాన్న అరుగు మీదే కూర్చుంటున్నారు. ఎవరైనా కొబ్బరి మాటెత్తితే లేచి లోపలికి వెళ్లిపోతారు. "మళ్లీ నాటితే కాపు చూడ్డానికి నేనుంటానా" అన్నారోసారి. అమ్మ ఒక్కతే పరిహారం కోసం తిరుగుతోంది. చదువు మానేసి హైదరాబాద్‌లో ఏదైనా షాపులో చేరిపోనా? నాన్నను ఎలా మాట్లాడించాలి అక్కా?

జవాబు: మాట్లాడించడం తర్వాత సంగతి తల్లీ, ముందు ఆయన్ని తోటలోకి తీసుకెళ్లు. ఒరిగిన కొబ్బరి కూడా మొవ్వు, అంటే తలలోని లేత చిగురు, బాగుంటే బతుకుతుంది. 2013లో ఫైలిన్ తుపానుకు ఒరిగి, తర్వాత కాసిన చెట్లు మీ ఊళ్లోనే ఉండి ఉంటాయి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నాకూ నీకూ తెలియదు, ఆయనకు తెలుసు. "నాన్నా, మీరు చూపించండి, నేను సున్నంతో గుర్తు పెడతాను" అని అడుగు. రానంటే మర్నాడు మళ్లీ అడుగు. పడిన మొద్దులు అక్కడే కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరుగుతుంది, నిలిచిన చెట్ల మొవ్వు తొలిచేస్తుంది. ఆ మాట వింటే ఏ రైతూ అరుగు మీద కూర్చోలేడు.

నాటు కొబ్బరి కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. ఆయన బెంగ నిజమైనదే, కాదని వాదించకు. అంటు జీడి మూడో ఏట కాపు మొదలుపెడుతుందని, కొబ్బరి మొక్కల మధ్య అరటి వేస్తే ఏడాది, ఏడాదిన్నరలో గెల చేతికొస్తుందని చెప్పు. తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నా మాత్రం ఆలస్యం చెయ్యకు. ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీసెయ్యండి, వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చదువు మాత్రం మానకు. షాపు జీతం హైదరాబాద్‌లో నీ గదికీ తిండికే చాలదు, ఇంటికేం పంపుతావు? ఫీజుకు గడువు కావాలని ప్రిన్సిపాల్‌కు కాగితం రాసివ్వు.

అమ్మ గురించి ఒక్క వాక్యమే రాశావు. ఈ ఇల్లు ఇప్పుడు ఆవిడ మీదే నడుస్తోందని నాకనిపిస్తోంది. సెలవు రోజున నువ్వూ వెంట వెళ్లు. పరిహారం జాబితాలో మీ చెట్ల లెక్క సరిగ్గా రాశారో లేదో చూడు, కూలిన చెట్ల ఫొటోలు ఫోన్‌లో దాచు. భూమి ఇంకా తాతయ్య పేరునే ఉంటే ముందు వీఆర్వోను కలవండి.